ఉదయగిరి తరుగు

కరీంబీని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడానికి ఇంకా ఆరు గంటల పది నిమిషాలుంది. నజ్నీన్ వంటగది గోడ మీది గడియారం చూసి, ఆ లెక్క ఒకసారి మనసులో వేసుకుని, చెప్పులు గడప బయట విడిచి లోపలికి వచ్చింది.

ఉదయగిరిలో ఈ ఇంటి యజమాని పెంచలనరసయ్య. నలభై ఆరేళ్ళ మనిషి. సోమవారం పొద్దున ఏడుంబావుకు ఇడ్లీలు తిన్నాడు. ఏడు నలభైకి కాళ్ళు లాగుతున్నాయన్నాడు. ఎనిమిది అయిదుకు వీధి చివరి క్లినిక్‌లో ఇ.సి.జి. తీశారు, ఎనిమిదింబావుకు రక్తం తీశారు, డాక్టరు వచ్చేలోగా ఎనిమిది నలభైకి ప్రాణం పోయింది. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో వండి వడ్డిస్తున్న కరీంబీని ఆత్మకూరు సి.ఐ. రాజమోహన్ నిన్న, అంటే బుధవారం, సాయంత్రం నాలుగున్నరకు అరెస్టు చేశాడు. ఇరవై నాలుగు గంటల్లో కోర్టులో హాజరు పెట్టాలి. పెడితే రిమాండు తప్పదు. యాభై ఎనిమిదేళ్ళ షుగరు మనిషి, జైలుకు పోతే మళ్ళీ నడిచి వస్తుందని ఆమె కొడుకు ఫారూఖ్‌కు నమ్మకం లేదు. అందుకే తను తోలే టాక్సీలోనే నిన్న ఆరింటికల్లా ఆత్మకూరులో నజ్నీన్ ఆఫీసు ముందు వాలాడు.

నజ్నీన్ తొమ్మిదేళ్ళు పోలీసు క్లూస్ టీములో పనిచేసింది. దొరకని వేలిముద్ర దొరికిందని రాయమంటే రాయనని చెప్పి బయటికొచ్చింది. రాయమన్నది ఈ రాజమోహనే. ఇప్పుడు ఆత్మకూరు బస్టాండు ఎదురుగా రెండో అంతస్తులో ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఓపిక తక్కువ, అనుమానం ఎక్కువ. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళను కూడా ప్రశ్నలతోనే పంపించేసిందని ఊళ్ళో చెప్పుకుంటారు, అందులో కొంత నిజం ఉంది.

"ఏమీ ముట్టుకోబాకండి మేడమ్," కాపలా కానిస్టేబులు పిచ్చయ్య తలుపు దగ్గర నిలబడి అన్నాడు. "సి.ఐ. గారికి తెలిస్తే నా ఉద్యోగం ఊడతాది."

"ముట్టుకోను. చూస్తే అరిగిపోదు గదా. ఉప్పు డబ్బా యాడ ఉండింది?"

"ఆ రెండో అరలో. స్టీలు డబ్బా. సగానికి పైగా ఉండాది. సి.ఐ. గారు చిటికెడు నాలిక మీద వేసుకుని ఉమ్మేసినారు, చేదంట. మట్టి పరీక్షలు చేసే ఆఫీసుకు పంపించినారు. పొటాషియం ఉప్పని సాయంత్రానికల్లా చెప్పేసినారు వాళ్ళు. అది ఒంట్లో ఎక్కువైతే గుండె ఆగిపోతాదంట."

"మరి ఆ ఇడ్లీలు ఎంతమంది తిన్నారు?"

"ముగ్గురు. అయ్య, కూతురు అశ్విత, ఆ వంటామె. అదే పిండి, అదే పొడి, అదే చట్నీ. ఇద్దరు బాగుండారు, ఒకాయన పోయినాడు. అంటే ఏంది? ఆయన ప్లేటులోనే కలిపినారు. కలిపేది వడ్డించే మనిషే గదా." పిచ్చయ్య ఈ మాటలు సి.ఐ. నోట విని ఒప్పజెబుతున్నాడు. "పైగా ఆమె కొడుక్కు ఇంటి స్థలం ఇప్పిస్తానని చెప్పి అయ్య ఇప్పించలేదంట. నలుగురిలో ఏడ్చిందంట."

బయట వాకిట్లో ఫారూఖ్ అది విన్నాడు. పళ్ళు కొరికి మొహం తిప్పుకున్నాడు.

"ఆ పొటాషియం ఆమెకు యాడిది?"

"పెరట్లో షెడ్డుంది. పొలానికి తెచ్చిన పొటాష్ మూటలు మూడుండాయి."

నజ్నీన్ షెడ్డుకు పోయింది. మూటల్లో ఒకటి విప్పి ఉంది. అరచేతిలోకి కాస్త తీసుకుంది. ఇటుక పొడి రంగు, జొన్నగింజంత పలుకులు. వేళ్ళ మధ్య నలిపితే చర్మానికి ఎర్రగా అంటింది. ఆ చేత్తోనే వంటింట్లోకి తిరిగి వచ్చి రెండో అర మీదికి వంగింది. డబ్బా ఉండిన చోట గుండ్రటి మచ్చ, దాని అంచున రాలిన పొడి. మైదాలాగా తెల్లగా, మెత్తగా ఉంది.

"పిచ్చయ్యా, ఈ ఎర్రదాన్ని రోట్లో వేసి దంచితే ఇంత తెల్లగా అయితాదా?"

పిచ్చయ్య రెండూ చూశాడు. వాడూ రైతుబిడ్డే. "కాదు మేడమ్," అని నెమ్మదిగా ఒప్పుకున్నాడు.

"మీ సి.ఐ. గారికి చెప్పబాకు. నేను చెప్తాలే."

ఆమెకు ఇంకో సంగతి మింగుడుపడలేదు. ఒక్క ప్లేటులో కలపాలనుకున్న మనిషి చెంచాడు దాచుకుంటుంది గాని డబ్బా నిండా ఎందుకు పోస్తుంది? కింది అరలో గాజు సీసాలు వరసగా ఉన్నాయి. కారం, ధనియాలు, కందిపొడి. కందిపొడి సీసా సగం ఖాళీ అయింది. నజ్నీన్ దాన్ని చూస్తుంటే, వాకిట్లోంచి ఫారూఖ్ గొంతు వచ్చింది.

"ఆపా, ఆ పొడి మా ఇంట్లో కూడా ఉండాది."

"అంటే?"

"అమ్మ ఈడ కొట్టినప్పుడల్లా ఒక సీసా మాకు తెస్తాది. మూడు వారాలైంది ఇది తెచ్చి. చేదుగా ఉండాది, ఏం వేసినావని నేనే కసిరినాను." వాడు గడప దగ్గరికి వచ్చాడు. "రోజూ తింటానే ఉండాను ఆపా. డ్యూటీకి పోతా పోతా అన్నంలో కలుపుకుని."

నజ్నీన్ వాడి వైపు తేరిపార చూసింది. ముప్పై ఏళ్ళవాడు, ఎదురుగా రాయిలాగా నిలబడి ఉన్నాడు. మూడు వారాలుగా వీడు విషం తింటున్నాడు, లేదా అది విషం కాదు.

"మీ ఇంటి సీసా తీసుకురా. బండి తియ్యి. ఆత్మకూరు పోవాల."

* * *

పన్నెండున్నరకు వాళ్ళు వరప్రసాదం ల్యాబులో ఉన్నారు. ఉదయగిరి క్లినిక్‌లో తీసిన రక్తాలన్నీ థర్మోకోల్ పెట్టెలో ఐసు పెట్టి, ఎనిమిది యాభై బస్సు కండక్టరు చేతికిస్తే, ఆత్మకూరులో దించుకునేది ఈయనే. యాభై దాటిన మనిషి, నుదుట విభూతి, జేబులో మూడు పెన్నులు. ఆయన రిపోర్టు తప్పు పోదని ఈ చుట్టుపక్కల డాక్టర్లకు గట్టి నమ్మకం. ఆయనకు ఇంకా గట్టి నమ్మకం.

"అయిదు దాటకూడని పొటాషియం, సోమవారం పెంచలనరసయ్య రక్తంలో ఏడు పాయింటు నాలుగు అని ఇచ్చినారు. మెషీన్ కూడా అదే చెప్పిందా?"

"రిజిస్టరు చూసుకోండి మేడమ్. నా చేత్తో రాసినాను."

"చేత్తో రాసింది వద్దు. మెషీన్ మెమరీ తెరవండి."

వరప్రసాదం కళ్ళద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. అప్పటికీ ఆమె కదలకపోయేసరికి మీటలు నొక్కాడు. తెర మీద అంకె వచ్చింది. ఎనిమిది పాయింటు తొమ్మిది.

నజ్నీన్ ఆ మనిషివే పాత పరీక్షలు తీయించింది. పోయిన అక్టోబరులో మెషీన్ చెప్పింది ఆరు పాయింటు ఒకటి, రిపోర్టులో నాలుగు పాయింటు ఆరు. జనవరిలో మెషీన్ ఆరు పాయింటు మూడు, రిపోర్టు నాలుగు పాయింటు ఎనిమిది. చావుకు పన్నెండు రోజుల ముందు మెషీన్ ఏడు పాయింటు నాలుగు, రిపోర్టు అయిదు పాయింటు తొమ్మిది. ప్రతిసారీ సరిగ్గా ఒకటిన్నర తక్కువ.

"ఎవురు చెప్పినారు తగ్గించమని?"

"ఎవురూ చెప్పలేదు." వరప్రసాదం గొంతు తగ్గింది. "ఉదయగిరి రక్తం మేడమ్ అది. ఐసుకు ఆనించి పెడతారు, బస్సులో గంటన్నర కుదుపులు. చల్లదనానికి కణాల్లో ఉండే పొటాషియం బయటికి కారతాది. ఈడికొచ్చేసరికి అందరికీ ఎక్కువే చూపిస్తాది. మొదట్లో ఉన్నది ఉన్నట్టు ఇచ్చినాను. బాగున్న మనుషుల్ని కూడా డాక్టర్లు భయపడి నెల్లూరు తోలినారు. నా మీద ఎగిరినారు. అందుకని ఉదయగిరి పెట్టె వస్తే ఒకటిన్నర తీసేస్తా ఉండాను. వడ్లకు తేమ తరుగు తీయరా, అట్టా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆరేళ్ళు."

నజ్నీన్‌కు చెంప పగలగొట్టాలనిపించింది. ఆయన కళ్ళలో మోసం కనపడలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. పదిమందికి మేలు చేస్తున్నాననుకుని పదకొండోవాడి జబ్బును ఆరేళ్ళు కొట్టేసుకుంటూ పోయాడు. ఆమె బ్యాగులోంచి ఇ.సి.జి. చీటీ తీసి బల్ల మీద పరిచింది. పొద్దున తొమ్మిదిన్నరకు క్లినిక్ నర్సు దగ్గర తీసుకుంది దాన్ని. గుండె గీతలో చిన్న గుట్టల్లా ఉండాల్సినవి గుడారాల్లా నిక్కి ఉన్నాయి.

"ఈ చీటీ బస్సెక్కలేదు వరప్రసాదం గారూ. ఉదయగిరిలోనే తీసింది. దీనికి కూడా తరుగు తీస్తారా?"

ఆయన చీటీ చూసి కుర్చీలో కూలబడ్డాడు. పొటాషియం నిజంగా పెరిగితేనే గుండె గీత అట్లా నిక్కుతుందని ఆయనకు తెలుసు.

"కూర్చుంటే ఎట్టా? లేవండి. రెండు పరీక్షలు చెయ్యాల. ఒకటి, ఈ కందిపొడి చిటికెడు శుభ్రమైన నీళ్ళలో కలిపి వడగట్టి మెషీన్‌కు ఇవ్వండి. రెండోది, ఇదుగో, ఈ ఫారూఖ్ రక్తం. ఇప్పుడే తీసి ఇప్పుడే."

ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. కందిపొడి నీళ్ళకు మెషీన్ అంకె చూపించలేక చేతులెత్తేసింది, పొటాషియం కొలతకు మించి ఉంది. ఫారూఖ్ రక్తం నాలుగు పాయింటు రెండు. అంటే పసిబిడ్డ రక్తమంత బాగుంది.

ఫారూఖ్ చొక్కా చేయి దించుకుంటూ అడిగాడు, "అదే ఉప్పు తిన్నాను గదా ఆపా. నాకేం కాలేదేంది?"

"అదే అడగబోతున్నాను."

ఇంకో లెక్క కూడా కుదరడం లేదు. ఉప్పు మారింది మూడు వారాల కింద. కాని పోయిన అక్టోబరులోనే నరసయ్య రక్తంలో ఆరు పాయింటు ఒకటి ఉంది. అప్పటికి డబ్బాలో మామూలు ఉప్పే. నరసయ్య ఫైలులో జనవరి నెల చీటీ ఒకటి ఉంది, నెల్లూరు కిడ్నీ డాక్టరు ఎస్తేరమ్మది. నజ్నీన్ ఆ నంబరుకు ఫోను చేసింది. ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నానని ఆవిడ చెప్పింది, కాని పేరు వినగానే గుర్తుపట్టింది.

"పెంచలనరసయ్య. బీపీ ఎక్కువ, పొటాషియం ఎక్కువ, కిడ్నీ మాత్రం శుభ్రంగా ఉండాది. నేను నా ముందరే రక్తం తీయించినాను, ఆరు పాయింటు రెండు. ఏమయింది ఆయనకు?"

నజ్నీన్ చెప్పింది.

"చూడమ్మా," ఎస్తేరమ్మ అంది. "కిడ్నీలో సన్నటి గొట్టాలుంటాయి. తిన్న పొటాషియంలో ఎక్కువైంది బయటికి పోవడానికి ఆ గొట్టాల గోడల్లో ద్వారాలుంటాయి. మీ సోమశిల కాలవకు తూము ఉన్నట్టు అనుకో. తూముకు ఒక లస్కరు ఉంటాడు గదా, ఎప్పుడు ఎత్తాల, ఎప్పుడు దించాల చూసేవాడు. ఆ లస్కరు పేరు కైనేజ్. అది ఒక ఎంజైము. పక్క ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ ముద్ర వేసి పని చెబుతాది. పొటాషియం తగ్గిందంటే తలుపుల్ని గోడలోంచి లోపలికి లాగేసుకుంటాది, పెరిగిందంటే వదులుతాది. మామూలు మనిషిలో."

"ఈయనలో?"

"కొన్ని కుటుంబాల్లో ఆ కైనేజ్‌కు ఆగడం తెలియదు. పుట్టుకతోనే జన్యువులో తేడా. ఎప్పుడూ మూయమనే చెబుతాది. పొటాషియం పోదు. ఉప్పును వెనక్కి లాగే పంపు మాత్రం తిరగతానే ఉంటాది, బీపీ అందుకే. అట్టాంటి మనిషికి రోజూ పొటాషియం ఉప్పు పెట్టడమంటే..." ఆవిడ పూర్తి చేయలేదు. "నువ్వూ నేనూ ఆ ఉప్పు తింటే గంటల్లో మూత్రంలో పోతాది. ఆయనకు పోయే దారి లేదు."

"మందు లేదా డాక్టరమ్మా?"

"ఉండాది. రోజూ ఒక చిన్న మాత్ర. ఆ పంపును ఆపుతాది, అంతా సర్దుకుంటాది. టీ తాగే డబ్బులు కూడా కాదు. జన్యు పరీక్ష రిపోర్టు చూసి రాసిద్దామనుకున్నాను. రక్తం ఆత్మకూరులోనే ఇచ్చినారు, ఇంట్లోవాళ్ళవి కూడా ఇవ్వమన్నాను, వంశంలో దిగే జబ్బు గదా. ఎవరెవురు ఇచ్చినారో నాకు తెలవదు. రెండు నెలల తరవాత నేనే ఫోను చేస్తే ఎవరో మగమనిషి ఎత్తి, రిపోర్టు నార్మల్‌గా వచ్చింది, మేము వేరే డాక్టరును చూసుకుంటాము అన్నాడు."

నజ్నీన్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని వరప్రసాదం వైపు చేయి చాపింది. రిపోర్టులు తీసుకుపోయినవాళ్ళు సంతకం చేసే పుస్తకం ఆయనే తెచ్చి ఇచ్చాడు. మార్చి పంతొమ్మిది, ఉదయం పదకొండు. హైదరాబాదు నుంచి వచ్చిన సీలు కవరు. కింద దస్తూరీ స్పష్టంగా ఉంది.

మాధవ్. పెంచలనరసయ్య సొంత తమ్ముడు.

"డాక్టరమ్మా, ఆ రిపోర్టు నకలు హైదరాబాదు నుంచి తెప్పించగలరా? ఇప్పుడే? నాలుగున్నరకు ఒక ముసలామెను జైలుకు పంపిస్తా ఉండారు."

"రెండు గంటలివ్వు," అంది ఎస్తేరమ్మ. "కాళ్ళావేళ్ళా పడి తెప్పిస్తాను."

* * *

రిపోర్టు రావడం ఆలస్యమైంది. మూడు ముప్పావుకు ఇక ఆగలేక నజ్నీన్ స్టేషన్‌లోకి నడిచింది. రాజమోహన్ రిమాండు కాగితాల మీద సంతకాలు చేస్తున్నాడు. గోడ వారగా బల్ల మీద కరీంబీ కూర్చుని ఉంది, కొంగు తల మీదికి లాక్కుని. కొడుకును చూసి లేవబోతే పక్కనున్న మహిళా కానిస్టేబులు భుజం పట్టుకుంది.

"రాండి నజ్నీన్ గారూ," రాజమోహన్ తలెత్తలేదు. "వంటింట్లో వేలిముద్రలు కనపడినాయా, లేవా? మీకు కనపడవు గదా మామూలుగా."

"ఉన్నవి కనపడతాయి సార్. మీ ఎర్ర పొటాష్‌లోంచి తెల్ల ఉప్పు ఎట్టా వచ్చిందో చెప్పండి ముందు."

ఆయన చేయి ఆగింది. ఆమె చుట్టుతిప్పుడు లేకుండా చెప్పుకుపోయింది. షెడ్డులో ఎర్ర పలుకులు, అరలో తెల్ల పొడి. కందిపొడి సీసా, మెషీన్ కొలతకు మించిన పొటాషియం. మూడు వారాలు అదే పొడి తిన్న ఫారూఖ్ రక్తం, నాలుగు పాయింటు రెండు. వరప్రసాదం తరుగు. డాక్టరమ్మ చెప్పిన తూము, లస్కరు. ఒక్కొక్క కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇడ్లీ ముగ్గురూ తిన్నారు, చచ్చింది ఒకడే, కాబట్టి విషం ఒక్క ప్లేటులోనే ఉండాది అన్నారు. తప్పు. ఉప్పు అందరి ప్లేట్లలోనూ ఉండాది. తూము మూసుకుపోయింది ఆయన ఒక్కడికే. ఈమెకు తెలిసి కలిపుంటే కన్నకొడుక్కు సీసా కట్టిచ్చేదా?"

రాజమోహన్ ఇ.సి.జి. చీటీ ఎత్తి వెలుతురులో చూశాడు. తెలివితక్కువ మనిషేం కాదు, మొండి అంతే.

"ఉప్పు ఎవురు తెచ్చినారు అయితే?"

"ఆమెనే అడగండి. అడిగినారా అసలు?"

"నెల సరుకులు మాధవ్ బాబు కారులో తెస్తాడు," కరీంబీ బల్ల మీదినుంచే అంది. "ఈ నెల ఉప్పు పేరు లేని కవర్లో వచ్చింది. అన్నకు బీపీ గదా, డాక్టరు చెప్పిన ఉప్పు అన్నాడు. నిన్ననే చెప్పినాను సార్. ఆయన రాసుకోలేదు." ఆమె స్టేషన్ రైటరు వైపు వేలు చూపించింది. రైటరు కాగితాలు సర్దుకున్నాడు.

నజ్నీన్ సంతకాల పుస్తకం ఫోటో తీసి ఉంచుకుంది. ఫోను సి.ఐ. ముందుకు తోసింది. "ఉప్పు ఎవురైనా తేవచ్చు. ఆ ఉప్పు చంపుతాదని తెలిసింది ఆ రిపోర్టు చదివినవాడికే. చదివి, నార్మల్ అని డాక్టరమ్మకు అబద్ధం చెప్పినవాడికే."

రాజమోహన్ సంతకం చూశాడు. కుర్చీలో వెనక్కి వాలాడు.

"బాగుంది. అన్నను చంపితే మాధవ్‌కు ఏం వస్తాది? నలభై ఎకరాలు, ఇల్లు, అన్నీ అన్నవే, తమ్ముడి వాటా ఎప్పుడో అమ్ముకుని తిన్నాడు. భార్య ముందే పోయింది, నరసయ్య పోతే అంతా ఒక్కగానొక్క కూతురికి పోతాది. మాధవ్‌కు గుంట నేల కూడా రాదు. నేనేమీ కళ్ళు మూసుకుని కేసు రాయలేదమ్మా. మొదట అనుమానించింది వాడినే. లాభం లేని హత్య ఎవడు చేస్తాడు?"

గడియారం నాలుగు కొట్టింది. కైనేజ్ సంగతి, తరుగు సంగతి, అన్నీ సరిగ్గా అతుక్కున్నాయి, ఈ ఒక్క చోట ఊడిపోతోంది. ఫారూఖ్ ఆమె మొహం చూసి గోడకు చేరగిలబడ్డాడు.

"లేవమ్మా, టైమైంది," మహిళా కానిస్టేబులు అంది.

కరీంబీ లేచింది. నజ్నీన్ ముందుకొచ్చి ఆగింది. కొడుకు గురించి అడుగుతుందేమో, లాయరు గురించి అడుగుతుందేమో అనుకుంది నజ్నీన్.

"పాపకు అన్నం ఎవురు పెడతా ఉండారు బేటీ? సోమవారం నుంచి సరిగా తినలేదు ఆ బిడ్డ. వాళ్ళ నాయన మాదిరే, చిన్నప్పట్నుంచి కాళ్ళు లాగతాయంటాది. ఎవురో ఒకరు దగ్గరుండి పట్టుకుని తినిపించాల."

"ఆ దిగులు నీకెందుకు," రాజమోహన్ కాగితాలు ఫైల్లో పెడుతూ అన్నాడు. "బాబాయి ఈడే ఆత్మకూరులో తన ఇంట్లో పెట్టుకున్నాడు గదా. పొద్దున స్టేట్‌మెంటుకు పోతే చూసినాను. అన్నం దిగడం లేదని కొబ్బరిబోండాలు గెలలు గెలలుగా దింపించినాడు. గంటకు ఒకటి, తన చేత్తోనే తాగిస్తా ఉండాడు. పాపం, కూతురి మాదిరి."

నజ్నీన్ చేతిలో ఫోను మోగింది. ఎస్తేరమ్మ పంపిన రిపోర్టు. మొదటి పేజీ పెంచలనరసయ్య, జన్యువులో తేడా ఉంది. రెండో పేజీ మాధవ్, తేడా లేదు. మూడో పేజీ.

అశ్విత, ఇరవై ఏళ్ళు. తేడా ఉంది.

నాయన మాదిరే కాళ్ళు లాగతాయంటాది. వంశంలో దిగే జబ్బు అని డాక్టరమ్మ చెప్పినప్పుడే తట్టాల్సింది. పొద్దుటి నుంచి ఒక మనిషిని కాపాడాలని పరిగెత్తి, ఇంకో మనిషిని చూడకుండా దాటిపోయింది. తన మీద తనకే అసహ్యం పుట్టింది.

"సార్," ఆమె ఫోను ఆయన మొహం ముందు పెట్టింది. "కూతురు కూడా పోతే ఆస్తి ఎవురికి పోతాది?"

రాజమోహన్ మూడో పేజీ చదివాడు. ఆయన మొహంలో రంగు పోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు, ఇప్పుడు చూసింది.

"బోండాంలో..." అన్నాడు.

"ఉప్పు కన్నా సులువు. నిండా పొటాషియమే. ఎవరికీ అనుమానం రాదు. మీకూ రాలేదు, నాకూ రాలేదు."

ఆయన రిమాండు ఫైలు రైటరు ఒళ్ళోకి విసిరాడు. "ఇది ఆపు. జీపు తియ్యమను. ఆసుపత్రికి ఫోను చేసి అంబులెన్సు మాధవ్ ఇంటికి పంపమను." కరీంబీకి ఏం జరుగుతున్నదో సగమే అర్థమైంది. ఆ సగానికే ఆమె నజ్నీన్ మణికట్టు గట్టిగా పట్టుకుంది. నజ్నీన్ రెండో చేత్తో అశ్విత నంబరు నొక్కింది. నాలుగు రింగులు పోయాక ఎత్తింది.

"అశ్వితా, నేను నజ్నీన్. కరీంబీ తరఫున. ఎట్టా ఉండావమ్మా?"

"బాగానే ఉండాను అక్కా." మాట మెత్తగా, ముద్దగా వచ్చింది. "కాళ్ళు లేవడం లేదు. మంచం దిగుదామంటే బరువుగా ఉండాయి. గుండె ఒక్కోసారి ఆగి ఆగి కొట్టుకుంటా ఉండాది. దిగులుకు అట్టా ఉంటాదిలే అన్నాడు బాబాయి."

"విను. ఇంక ఏమీ తాగబాకు. చుక్క కూడా. అర్థమైందా? అయిదు నిమిషాల్లో వస్తా ఉండాము."

"ఇప్పుడే ఇంకోటి తాగినాను గదా అక్కా. ఎందుకు? ఉండండి, బాబాయి ఈడే ఉండాడు, ఆయనకు చెప్పండి."

"వద్దు, అశ్వితా, ఫోను ఇవ్వబాకు..."

ఫోను చేతులు మారిన చప్పుడు వినిపించింది. తలుపు మూసిన చప్పుడు, గడియ పడిన చప్పుడు. తరవాత ఒక మగ గొంతు, తొందర లేకుండా, మర్యాదగా పలికింది.

"చెప్పండి మేడమ్. పాపకు నేనుండాను గదా. మీరేం దిగులు పడబాకండి."